కార్పొరేటరమ్మ జవాబులు: వీధి దీపం నుంచి నైట్ షెల్టర్ దాకా

(హైదరాబాద్ నగర పాలక సంస్థలో సికింద్రాబాద్ వైపు వార్డు నుంచి కార్పొరేటర్‌గా పనిచేసిన ఒక మహిళ ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. ఈసారి వీధి భద్రత, ఇల్లు లేనివాళ్ల గురించి అడగమని కోరాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.)

ప్రశ్న: మా కాలనీ పక్కనే మెయిన్ రోడ్డు. షట్టర్లు దించాక దుకాణాల ముందు పదిహేను, ఇరవై మంది పడుకుంటారు. ఆడపిల్లలు కోచింగ్ నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు వస్తారు. ఇంటికి చేరేదాకా మాకు టెన్షనే. అసోసియేషన్ తరఫున వినతిపత్రాలు ఇచ్చాం. పోలీసులు వచ్చి తరిమారు, వారానికి మళ్లీ వచ్చేశారు. శాశ్వతంగా ఖాళీ చేయించాలంటే ఎవరిని కలవాలి?
– కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, తార్నాక

కార్యదర్శిగారూ, తరిమితే వారానికి వచ్చారని మీరే రాశారు. ఇంకోసారి తరిమితే ఇంకో వారానికి వస్తారు. వాళ్లకు పని దొరికే చోటు అక్కడే ఉంది మరి. స్టేషన్ చుట్టూ, మార్కెట్ల దగ్గర, ఫంక్షన్ హాళ్లున్న రోడ్ల మీద పడుకునేవాళ్లలో చాలామంది తెల్లారితే అక్కడే పనికి నిలబడేవాళ్లు. ఊరవతల పడుకుంటే పొద్దున్నే అడ్డాకు ఎలా చేరతారు?

ఇలాంటి వినతిపత్రం వచ్చినప్పుడల్లా ఎస్‌ఐకి ఫోన్ చేసే ముందు నేనే అక్కడికి వెళ్లేదాన్ని. రాత్రి పదకొండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి మరోసారి. రాత్రిపూట వరసగా దుప్పట్లే కనిపిస్తాయి, ఎవరికైనా భయం వేస్తుంది. తెల్లవారుజామున ముఖాలు కనిపిస్తాయి. పెళ్లిలో వడ్డన ముగించుకుని ఒంటిగంటకు వచ్చి పడుకున్న కేటరింగ్ కుర్రాళ్లు. తాపీ, తట్ట తల కింద పెట్టుకున్న పాలమూరు మేస్త్రీ. చిత్తు కాగితాల సంచికి చెయ్యి చుట్టుకుని పడుకున్న ఆడమనిషి. కొడుకు ఇల్లు తెలిసి కూడా చెప్పని ముసలాయన. తాగి పడిపోయినవాళ్లు కూడా ఉంటారు, లేరని నేను చెప్పను. కానీ ఈ అందరికీ కలిపి ఒక్క పరిష్కారం రాయమంటే ఏ అధికారీ రాయలేడు. అందుకే తరిమేస్తారు. అందులో కాగితం పని తక్కువ.

ఇక మీ పిల్లల భయం. అది ఉత్తది కాదు, కొట్టిపారేయొద్దు. అయితే పిల్లలనే అడగండి, సరిగ్గా ఎక్కడ భయం వేస్తోందని. మా వార్డులో నేను కొందరు ఇంటర్ అమ్మాయిలను వెంటబెట్టుకుని నడిచాను. దుకాణాల ముందు పడుకున్నవాళ్లను దాటేటప్పుడు వాళ్లు మామూలుగానే నడిచారు. ఆ తర్వాత మలుపు దగ్గర దీపం లేని చోట, వైన్స్ ముందు బండ్ల మీద కూర్చుని తాగేవాళ్లు కనబడగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అదే మలుపు గురించి షట్టర్ కింద పడుకునే పెద్దావిడను అడిగితే ఏ బండి ఎన్నింటికి ఆగుతుందో, ఎవరు ఏం కూతలు కూస్తారో మొత్తం చెప్పింది. ఆమెకు తెలిసినంత ఆ వీధిలో ఏ కెమెరాకూ తెలియదు. రాత్రి పదకొండు దాటాక తానే లేచి గుడి గోడ దగ్గరికి మారుతుందట, వాళ్లకు భయపడి.

కాబట్టి మీ కాగితాన్ని మూడుగా చీల్చండి. దీపాల సంగతి వార్డు ఆఫీసులో చెప్పండి, లేదా 040-21111111కు ఫోన్ చేసి స్తంభం నంబరు ఇవ్వండి. ఒక్క దీపం ఆరితే ఆ దీపానిది లోపం, లైను మొత్తం ఆరితే ఆ లైనుకు కరెంటు ఇచ్చే బాక్సుది. ఈ తేడా చెప్తే పని తొందరగా అవుతుంది. రోడ్డు మీద తాగేవాళ్ల సంగతి స్టేషన్‌లోనూ ఎక్సైజ్ వాళ్లకూ విడిగా రాయండి. ఆ మలుపులో గస్తీ కానిస్టేబుల్ సంతకం పెట్టే పాయింట్ బుక్ పెట్టమని అడగండి. అది పెడితే కానిస్టేబుల్ రాత్రి అక్కడ దిగక తప్పదు. మూడో కాగితం కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసులో యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగానికి: మా రోడ్డు మీద ఇంతమంది పడుకుంటున్నారు, రాత్రిపూట సర్వే చేయండి, దగ్గర్లో షెల్టర్ చూపించండి అని. పగలు సర్వే చేస్తే ఎవరూ దొరకరు, "నిరాశ్రయులు లేరు" అని రాసుకుని వెళ్తారు. రాత్రిపూట అనే మాట కాగితంలో కచ్చితంగా ఉండాలి.

2013లో మొదలై 2024లో గడువు ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపోయే శాశ్వత వసతి ఉండాలని రాశారు. ఏడాది పొడవునా, రోజంతా తెరిచి ఉండాలి. సుప్రీంకోర్టు 2010 నుంచి వరుసగా చెప్తూ వచ్చింది కూడా ఇదే. 2011 జనాభా లెక్కల్లోనే మన నగరం 67 లక్షలు దాటింది. అంటే అప్పటికే 67 వసతులు ఉండాలి. నేను కౌన్సిల్‌లో ఉన్న కాలంలో ఆ లెక్కకు దరిదాపుల్లో కూడా లేవు. వసతి లేకుండా ఖాళీ చేయిస్తే వాళ్లు పక్క కాలనీకి వెళ్తారు, పక్క కాలనీ కార్యదర్శి నాకు ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: కార్పొరేటర్‌కు పోలీసుల మీద పవర్ ఉంటుందా మేడమ్? మా కార్పొరేటర్ ఎప్పుడడిగినా "చూద్దాం" అంటారు.
– డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

లేదు బాబూ. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటారు. కార్పొరేషన్‌లో కూడా సంతకం పెట్టే అధికారం కమిషనర్‌ది, ఆయన ఐఏఎస్ అధికారి. కౌన్సిల్ తీర్మానాలు చేస్తుంది, పదిహేను మంది స్టాండింగ్ కమిటీ పెద్ద ఖర్చులు ఆమోదిస్తుంది. మామూలు కార్పొరేటర్‌కు ఉండేవి నోరు, లెటర్‌హెడ్, ప్రారంభోత్సవంలో ముందు వరస కుర్చీ.

కానీ ఆ లెటర్‌హెడ్‌ను తక్కువ చేయకు. అడ్రస్ కాగితం లేనివాళ్లు ఆధార్ తీసుకోవాలంటే నిర్ణీత నమూనాలో ఒక సర్టిఫికెట్ చాలు. దాని మీద ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, మున్సిపల్ కౌన్సిలర్ ఎవరు సంతకం పెట్టినా చెల్లుతుంది. గుర్తింపు ఉన్న షెల్టర్ హోమ్ సూపరింటెండెంట్ పెట్టినా చెల్లుతుంది. మూడు నెలల్లోగా వాడుకోవాలి. ఆధార్ వస్తే పింఛను దరఖాస్తు, బ్యాంకు ఖాతా, ఆసుపత్రిలో కార్డు అన్నీ కదులుతాయి. రోడ్డు మీద పడుకునే మనిషికి నేను చేసిన పనుల్లో ఎక్కువ కాలం నిలిచింది ఆ సంతకమే అనుకుంటాను. "చూద్దాం" అనే కార్పొరేటర్ దగ్గరకు ఈసారి ఆ నమూనా నింపి తీసుకెళ్లు. పెన్ను కూడా నువ్వే ఇవ్వు.

ప్రశ్న: మా నాన్నకు ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకొచ్చాం. వార్డులో ఒక్కరినే ఉండనిచ్చారు. మా అమ్మ, నేను గేటు బయట ఫుట్‌పాత్ మీద పడుకున్నాం. రెండో రాత్రి ఫోన్ పోయింది, అందులోనే డబ్బులు, డాక్టర్ నంబరు అన్నీ. పక్క సందులోనే షెల్టర్ ఉందని డిశ్చార్జ్ రోజు టీ కొట్టాయన చెప్పాడు. ముందే ఎందుకు చెప్పరు అక్కా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

చెల్లీ, నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. నీ మీద కాదులే.

ఆసుపత్రి గేటు ముందు పడుకునేవాళ్లను మన వ్యవస్థ సరిగ్గా ఏ లెక్కలోనూ వేయదు. మీకు ఊళ్లో ఇల్లుంది కాబట్టి నిరాశ్రయులు కాదు. ఆసుపత్రి దృష్టిలో పేషెంటు కాదు. పోలీసుల దృష్టిలో ఫుట్‌పాత్‌కు అడ్డం. నిలోఫర్, ఉస్మానియా, గాంధీ లాంటి ఆసుపత్రులకు జిల్లాల నుంచి వచ్చే వేలమందిది ఇదే పరిస్థితి. అందుకే నగరంలో కొన్ని షెల్టర్లను ప్రత్యేకంగా పేషెంట్ల సహాయకుల కోసం ఆసుపత్రుల పక్కనే కట్టారు. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎవరైనా ఆసుపత్రికి వస్తుంటే మొదటిరోజే హెల్ప్ డెస్క్‌లో అడగండి: అటెండర్లకు షెల్టర్ ఎక్కడ, ఆడవాళ్లకు విడిగా ఉందా అని. వాళ్లు తెలియదంటే సెక్యూరిటీ గార్డును అడగండి. ఆయనకూ తెలియకపోతే ఐదు రూపాయల భోజనం కౌంటర్ దగ్గర అడగండి. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైనవి, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నవి అవే. ఆ వరసలో నిలబడ్డవాళ్లకు అధికారుల కంటే ఎక్కువ తెలుసు.

అలాంటి షెల్టర్ ఒకటి రావడం నేను దగ్గరుండి చూశాను. ఒక ఆఫీసు "స్థలం వాళ్లది" అంది. ఇంకో ఆఫీసు "నిధులు వీళ్లవి" అంది. ఫైలు ఆ బల్ల మీది నుంచి ఈ బల్ల మీదికి పోతూనే ఉంది. చివరికి ఎవరూ వాడని సైకిల్ స్టాండు షెడ్డు ఒకటి కనిపిస్తే, కొత్త కట్టడం అనే మాట తీసేసి "మరమ్మతు" అని రాయించాం. మరమ్మతుకు కింది స్థాయిలోనే మంజూరు దొరుకుతుంది. ఆఫీసు భాష తెలిస్తే సగం పని అయినట్టే.

షెడ్డు సిద్ధమైంది, మంచాలు వేశారు, ఫ్యాన్లు తిరిగాయి. జనం మాత్రం రాలేదు. ఫుట్‌పాత్ మీదే పడుకుంటున్నారు. ఎందుకమ్మా అంటే ఒకావిడ చెప్పింది: రాత్రి వార్డులోంచి పేరు పిలుస్తారు, గేటు దగ్గర లేకపోతే మందుల చీటీ ఎవరు అందుకుంటారు? మరొకాయన, సామాను ఎక్కడ పెట్టాలి అన్నాడు. మేం మంచాల లెక్క వేసుకున్నాం, వాళ్లు సామాను లెక్క వేసుకుంటున్నారు. లాకర్లు పెట్టించాక, వార్డు సిస్టర్ దగ్గర షెల్టర్ కేర్‌టేకర్ ఫోన్ నంబరు పెట్టించాక నిండింది. కూలి అడ్డా దగ్గరి షెల్టర్‌లోనూ అంతే. తాపీ, రంపం, రంగుల బ్రష్షులు పోతే మేస్త్రీకి మర్నాడు పని పోయినట్టే. తాళం వేసుకునే పెట్టె లేని షెల్టర్‌కు వాడు రాడు.

నీ ఫోన్ సంగతి: ఏ స్టేషన్ పరిధి అనే వాదన పెట్టుకోకుండా ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ఫోన్‌ను బ్లాక్ చేయడానికి కేంద్రం సీఈఐఆర్ పోర్టల్ పెట్టింది. పోలీసు ఫిర్యాదు కాపీతో అందులో నమోదు చెయ్యి. నాన్నగారు బాగున్నారా? రాయి.

ప్రశ్న: మీరు ఎప్పుడూ వాళ్లనే వెనకేసుకొస్తారు. మా ఆవిడ మెడలో మూడు తులాల గొలుసు పోయింది. రోడ్డు మీద ఇలాంటి జనం లేకపోతే ఇవి జరుగుతాయా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మల్కాజ్‌గిరి

మూడు తులాలంటే చిన్న నష్టం కాదు సార్. ఆ షాక్ కూడా ఊరికే పోదు. కానీ ఎలా లాక్కెళ్లారో మీరు ఉత్తరం రెండో పేజీలో రాశారు: ఇద్దరు, హెల్మెట్లు, పల్సర్ బండి, వెనక నంబర్ ప్లేటు వంచి ఉంది. షట్టర్ ముందు అట్టముక్క పరుచుకుని పడుకునేవాడికి పల్సర్ ఎక్కడిది?

మీకు పనికొచ్చే ముచ్చట చెప్తాను. 2013 నాటి ప్రజా భద్రత చట్టం ఒకటుంది, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అమల్లో ఉంది. ఒకేసారి వందమంది, లేదా రోజుకు ఐదొందల మంది వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలి. మీ వీధి చివర ఫంక్షన్ హాలు, సూపర్ మార్కెట్, పెద్ద గుడి ఉన్నాయన్నారు. అవి ఇందులోకి వస్తాయి. ఫుటేజీ కోసం మీరు వెళ్లి బతిమాలొద్దు, దర్యాప్తు అధికారితో నోటీసు ఇప్పించండి. ముప్పై రోజులు దాటితే చెరిగిపోతుంది, అందుకే తొందర. కొత్త న్యాయ సంహితలో 304వ సెక్షన్ కింద లాక్కెళ్లడం విడిగా ఒక నేరం. ఎఫ్‌ఐఆర్‌లో ఆ సెక్షన్ ఉందో లేదో చూసుకోండి, మామూలు దొంగతనం కింద కట్టి ఊరుకోనివ్వొద్దు.

రోడ్డు మీద ఉండేవాళ్లలో దొంగలు లేరా అంటే ఉన్నారు. జేబులు కొట్టే కుర్రాళ్లు ఉన్నారు. వైట్‌నర్, సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చే పిల్లలు స్టేషన్ల దగ్గర ఉన్నారు, మత్తు కోసం చిల్లర దొంగతనాలు చేస్తారు. వాళ్లు కనిపిస్తే 1098కు ఫోన్ చేయాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయం బాలల సంక్షేమ కమిటీ చూడాలి. కొట్టి వదిలేస్తే వాడు ఇంకో వీధికి వెళ్తాడు. నా అనుభవంలో వీధిలో ఏ దొంగతనం జరిగినా ముందు పట్టుకెళ్లేది ఫుట్‌పాత్ మీదవాళ్లనే. తెల్లారి వదిలేస్తారు. ఆ రోజు కూలి పోతుంది, అసలు దొంగ దొరకడు.

ప్రశ్న: మా వీధిలో నెల రోజులుగా ఒకామె తిరుగుతోంది. మతిస్థిమితం లేదు. ఒంటి మీద బట్టలు సరిగా ఉండవు. స్టేషన్‌కు ఫోన్ చేస్తే "మాకు సంబంధం లేదు, ఎన్జీవోకు చెప్పండి" అన్నారు. భయంగానూ ఉంది, జాలిగానూ ఉంది. ఏం చేయాలి?
– గృహిణి, కూకట్‌పల్లి

అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే అర్జెంటు మీదే. సంబంధం ఉంది. చట్టం స్పష్టంగా ఉంది: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, వందో సెక్షన్. తనను తాను చూసుకోలేని స్థితిలో రోడ్డు మీద తిరుగుతున్న మనిషికి మానసిక వ్యాధి ఉందనిపిస్తే, రక్షణలోకి తీసుకోవాల్సిన బాధ్యత ఆ స్టేషన్ అధికారిదే. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి పరీక్ష చేయించాలి. అడ్మిట్ చేయాల్సిన అవసరం లేదని డాక్టర్ చెప్తే ఇంటికి చేర్చాలి, ఇల్లు లేకపోతే ప్రభుత్వ నిరాశ్రయుల వసతికి. తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ కట్టి కుటుంబాన్ని వెతకాల్సింది కూడా స్టేషన్ హౌస్ ఆఫీసరే.

ఇప్పుడు ఏం చేయాలి. 112కు ఫోన్ చేసి, మానసిక ఆరోగ్య చట్టం వందో సెక్షన్ అని నోటితో చెప్పండి. ఈ నంబరు చెప్తే మాట తీరు మారడం నేను చాలాసార్లు చూశాను. ఆడమనిషి కాబట్టి మహిళా కానిస్టేబుల్‌ను పంపమనండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కూ చెప్పండి. వాళ్లు వచ్చేలోగా మీ వీధి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఆమెకు నైటీ, శాలువా ఇవ్వండి, దూరం నుంచి మాట్లాడండి, తినడానికి పెట్టండి. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. దయచేసి పెట్టొద్దు. ఆ ఫోటోలు చూసి రాత్రి ఎవరొస్తారో మీకు తెలియదు.

ఇలాంటి ఆడవాళ్లు రోడ్డు మీద ఒంటరిగా ఉండే ప్రతి రాత్రీ ప్రమాదమే. భద్రత అంటే కాలనీ గేటు లోపలివాళ్లదే అనుకునేవాళ్లకు నేను మొదట ఈ సంగతే చెప్తాను. మా వార్డులో ఇలా ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పంపిన ఒకామె మందులు పడ్డాక ఊరి పేరు చెప్పింది. ఒడిశా. అన్న వచ్చి తీసుకెళ్లాడు. అందరికీ అలా జరగదు. కానీ పేరు, ఊరు చెప్పగలిగే స్థితికి తీసుకురావడం డాక్టర్ల చేతిలో ఉంది, వీధి చేతిలో లేదు.

ప్రశ్న: 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు సిటీలో ఒక్క భిక్షగాడు కనబడలేదు. అప్పుడు చేసింది ఇప్పుడెందుకు చేయరు?
– వ్యాపారి, అబిడ్స్

అప్పుడు మేం కౌన్సిల్‌లో ఉన్నాం, బాగా గుర్తుంది. ఆ నవంబర్ 28న గ్లోబల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ సమ్మిట్. 8వ తేదీ నుంచి రెండు నెలలపాటు రోడ్ల మీద, కూడళ్లలో యాచనను నిషేధిస్తూ పోలీసు కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. దొరికినవాళ్లను జైళ్ల శాఖ నడిపే ఆనందాశ్రమానికి తరలించారు. భిక్షగాడి ఆచూకీ చెప్తే 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది కూడా. సిగ్నళ్లు నిజంగానే ఖాళీ అయ్యాయి, మీరన్నది నిజం. ఇక అడుక్కోబోమని హామీ రాయించుకుని చాలామందిని వదిలేశారు, కొన్ని నెలలకు అవే సిగ్నళ్ల దగ్గర అవే ముఖాలు. నేను ఆ రోజుల్లో చూసింది ఇంకోటుంది. అడుక్కోని వాళ్లు, చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్లు, మాసిన బట్టలున్న కూలీలు కూడా భయపడి స్టేషన్ పరిసరాలు వదిలి వెళ్లిపోయారు. ఆ చలికాలం వాళ్లు ఎక్కడ పడుకున్నారో మాకు తెలియలేదు.

చట్టం సంగతికొస్తే, మనకు 1977 నాటి యాచక నిరోధక చట్టం ఇంకా పుస్తకంలో ఉంది. ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో అక్కడి చట్టంలో యాచనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. 2021 జులైలో సుప్రీంకోర్టు ముందుకు ఒక పిటిషన్ వచ్చింది, కోవిడ్ వేళ భిక్షగాళ్లను రోడ్ల మీద లేకుండా చేయమని. అలాంటి సంపన్నుల చూపుతో మేం చూడలేమని కోర్టు చెప్పింది. కాబట్టి మీరు కోరుకునే ఆ రెండు నెలలు ఇప్పుడు అంత తేలిగ్గా రావు. నాకైతే అందులో బాధేమీ లేదు.

ప్రశ్న: ఓట్లు లేనివాళ్ల కోసం తిరిగితే మీకేం లాభం? రాజకీయాల్లో ఉన్నారు కదా, నిజం చెప్పండి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

నిజమే చెప్తాను. లాభం తక్కువ. కాలనీవాళ్లకు వెయ్యి ఓట్లుంటాయి, ఫుట్‌పాత్ మీదవాళ్లకు ఒక్కటీ ఉండదు. అందుకే వాళ్లకు ఓటు రాయించే పని పెట్టుకున్నాను, స్వార్థమనుకోండి.

ఇల్లు లేనివాళ్లు ఓటరు కావొచ్చని చాలామంది నాయకులకే తెలియదు. ఫారం 6లో పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ లెవల్ ఆఫీసర్ రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూస్తారు, ఒక్క రాత్రి కాదు, ఒకటి కంటే ఎక్కువ రాత్రులు. తేలితే అడ్రస్ కాగితం అడగరు. ఇది ఎన్నికల సంఘం నిబంధనే. మా దగ్గర బూత్ ఆఫీసర్‌గా వచ్చిన టీచరమ్మ రాత్రిపూట ఒంటరిగా రానంది, న్యాయమే కదా. నేనూ, మా ఆయనా తోడు వెళ్లాం. లిస్టులోకి ఎక్కినవాళ్లు కొద్దిమందే. ఒకాయన మాత్రం పోలింగ్ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఎవరికి వేశావని అడిగితే నవ్వి చెప్పలేదు.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. 2025లో మా సిటీ కౌన్సిల్ టెంట్లు వేసుకోవడాన్ని నిషేధించింది. మా తెలుగువాళ్లలోనే రెండు వర్గాలయ్యాయి. మీరైతే ఏ వైపు ఓటేసేవారు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ఓటు నాది కాదు కాబట్టి తేలిగ్గా చెప్పొచ్చు, అందుకే జాగ్రత్తగా చెప్తాను. పాఠకుల కోసం ముందు విషయం. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ అనే నగరం కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6–3తో తీర్పిచ్చింది. పడుకోవడానికి వేరే చోటు లేకపోయినా సరే, బహిరంగ స్థలాల్లో పడుకునేవాళ్లకు నగరాలు జరిమానా వేయొచ్చంది. దాని తర్వాత ఫ్రీమాంట్ కౌన్సిల్ 2025 ఫిబ్రవరిలో 6–1తో నిషేధం తెచ్చింది. వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అందులో క్యాంపులకు సహాయం చేసినవాళ్లను కూడా శిక్షించే మాట ఉండటంతో గొడవ లేచింది. భోజనం పెట్టేవాళ్లు, చర్చిలవాళ్లు భయపడ్డారు. మార్చిలో కౌన్సిల్ ఆ మాట తీసేసింది.

మీ దగ్గర ఏడుగురు కూర్చుని ఒక రాత్రిలో జైలు శిక్ష రాయగలరు. ఆ అధికారం చూస్తే మాజీ కార్పొరేటర్‌గా నాకు కొంచెం అసూయ, చాలా భయం. నేనైతే నిషేధం వద్దన్న ఆ ఒక్కరి వైపు ఉండేదాన్ని. జరిమానా కట్టలేనివాడికి జరిమానా వేస్తే అది వారెంటు అవుతుంది, వారెంటున్నవాడికి అద్దెకు ఇల్లెవరిస్తారు? అలాగని పిల్లల పార్కు పక్కన మత్తుమందు సూదులు పడి ఉంటే తల్లిదండ్రులు ఊరుకోవాలని కూడా నేననను. మీ కౌన్సిల్ మీటింగ్‌లో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది కదా, రెండు వర్గాలవాళ్లూ వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: ఈ రాత్రి మన ఊళ్లో ఖాళీ పడకలెన్ని? ఇక్కడ జనం కార్పొరేటర్ చేత మేయర్‌ను అడిగించుకోవాల్సినవి మీరు నేరుగా మైకులో అడగొచ్చు.

ప్రశ్న: మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ తరఫున చలికాలంలో దుప్పట్లు పంచుతున్నాం. కొందరు అమ్ముకుంటున్నారని విన్నాం. పంచాలా, వద్దా?
– విద్యార్థిని, విజయవాడ

పంచండి తల్లీ. అమ్ముకుంటారు, అవును. డిసెంబర్‌లో ఒక్కొక్కరికి నాలుగేసి దుప్పట్లు వస్తే ఏం చేస్తారు, మోసుకు తిరగలేరు కదా. జూన్‌లో వాన పడితే మాత్రం ఒక్కరూ రారు. కొన్ని డబ్బులు ఆపి వానాకాలం మందపాటి ప్లాస్టిక్ పట్టాలు, దోమతెరలు ఇవ్వండి. ఆడవాళ్లకు ప్యాడ్లు ఇవ్వండి, ఇవి ఎవరూ ఇవ్వరు. పంచేటప్పుడు పక్కనే ఒక నోటుబుక్కు పెట్టుకుని మూడు సంగతులు రాసుకోండి: ఆధార్ ఉందా, పింఛను వయసుందా, చంటిపిల్లలున్నారా. అరవై దాటినవాళ్లుంటే 14567 ఎల్డర్‌లైన్‌కు అక్కడినుంచే ఫోన్ చేయండి. ఆ జాబితా జిరాక్స్ ఒకటి విజయవాడ కార్పొరేషన్‌లో యూసీడీ విభాగానికి, ఇంకొకటి మీ కార్పొరేటర్‌కు ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేకుండా వెనక్కి రావొద్దు.